సోమవారం, శుక్రవారం తెరిచే గేటు

(కడపలో ఒక మహిళా సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. కూర్చోండమ్మా, ముందు వరసలో ఇంకా కుర్చీలున్నాయి.

కరీబియన్ దేశాల్లో వ్యాపారం చేసుకునే విదేశీ మహిళల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఆ మాట వినగానే చాలామందికి ఒక బొమ్మ కనపడుతుంది. నీలం సముద్రం, కొబ్బరి చెట్లు, ఒడ్డున చిన్న హోటలు పెట్టుకున్న ఒక తెల్లావిడ. అలాంటివాళ్లు ఉన్నారు, నేనూ చూశాను. డొమినికన్ రిపబ్లిక్‌లో లాస్ తెర్రేనాస్ అనే ఊళ్లో ఫ్రెంచివాళ్లు చాలామంది స్థిరపడ్డారు, పొద్దున్నే వీధిలో ఫ్రెంచి రొట్టె వాసన వస్తుంది. కబరేతే ఊళ్లో కెనడా నుంచి, యూరప్ నుంచి వచ్చినవాళ్లు అలల మీద పలక వేసుకుని జారే ఆట నేర్పుతారు. వాళ్ల గురించి తప్పుగా మాట్లాడటానికి నా దగ్గర ఏమీ లేదు. కష్టపడతారు, నలుగురికి పని ఇస్తారు.

కానీ ఆ దేశంలో విదేశీ ఆడమనిషి అంటే లెక్కకి ఎక్కువగా కనపడేది వాళ్లు కాదు. విమానం దిగి వచ్చే మనిషి కాదు ఆమె. నది దాటి, నెత్తిన మూటతో, నడిచి వస్తుంది. ఈ రోజు నేను ఆమె గురించే చెబుతాను.

మా ఆయనకి ఒక బట్టల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చి, 2016 నుంచి 2019 వరకు మూడేళ్లు శాంతియాగో అనే నగరంలో ఉన్నాం. డొమినికన్ రిపబ్లిక్‌లో రాజధాని తర్వాత పెద్ద ఊరు అదే. నేను ఇంట్లో పిల్లలకి ఇంగ్లీషు ట్యూషన్లు చెప్పేదాన్ని. అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో బోర్డు రాసి గేటుకి కట్టాను. అంతే నా వ్యాపారం. ఆ అట్టముక్క సంగతి మళ్లీ చెబుతాను, గుర్తు పెట్టుకోండి.

ముందు ఆ దేశం ఎక్కడుందో చెప్పాలి. క్యూబాకి తూర్పున హిస్పానియోలా అని ఒక పెద్ద దీవి. ఒకే దీవి మీద రెండు దేశాలు. పడమటి వైపు మూడో వంతు హైతీ, మిగతా రెండు వంతులు డొమినికన్ రిపబ్లిక్. అటు క్రియోల్, ఇటు స్పానిష్. హైతీలో బానిసలు తిరగబడి ఫ్రెంచి సైన్యాన్ని ఓడించి 1804లో స్వతంత్ర దేశం పెట్టుకున్నారు. బానిసలు తమ చేతులతో తాము కట్టుకున్న మొదటి దేశం అది. 1822 నుంచి 22 ఏళ్లు ఆ దీవంతా హైతీ పాలనలోనే ఉంది. 1844 ఫిబ్రవరి 27న తూర్పు భాగం విడిపోయింది. అందుకే డొమినికన్లు జరుపుకునే స్వాతంత్ర్య దినం స్పెయిన్ నుంచి విడిపోయిన రోజు కాదు, పక్కింటి హైతీ నుంచి విడిపోయిన రోజు. ఆ ఒక్క ముక్క తెలిస్తే అక్కడి చాలా సంగతులు అర్థమవుతాయి.

శాంతియాగో నుంచి బస్సెక్కితే మూడు గంటల్లో దహబోన్ వస్తుంది. సరిహద్దు ఊరు. అవతల ఒడ్డున హైతీ ఊరు వనమెంత్. మధ్యలో నది. వర్షాల్లేనప్పుడు చూస్తే మన పాపఘ్నిలా ఇసుక మధ్యన సన్నగా పారుతుంటుంది, మోకాలి లోతు. దాని పేరు మాసాక్రే. ఊచకోత నది అని అర్థం. ఆ పేరు ఎందుకో తర్వాత చెబుతాను.

నది మీద వంతెన, వంతెనకి గేటు. సోమవారం, శుక్రవారం సంత. ఆ రెండు రోజులూ హైతీవాళ్లు వీసా లేకుండా సంత వరకు వచ్చి, సాయంత్రానికి తిరిగి వెళ్లిపోవచ్చు. ఆ ఏర్పాటు ఎవరో పెద్దలు కూర్చుని ఆలోచించి పెట్టింది కాదు. 1991లో హైతీలో సైన్యం ప్రభుత్వాన్ని కూల్చింది. దాంతో ఆ దేశంతో వ్యాపారం మీద ఆంక్షలు పెట్టారు. సరుకు లేదు, కడుపు ఆగదు. ఆడవాళ్లు నది దాటి కొనుక్కుపోవడం మొదలుపెట్టారు. అలా పెరిగిన సంత అది. తర్వాత యూరోపియన్ యూనియన్ డబ్బుతో పెద్ద షెడ్లు కట్టారు.

మొదటిసారి ఒక శుక్రవారం పొద్దున ఎనిమిదికి ఆ గేటు ముందు నిలబడ్డాను. గేటు తీశారు. వందలమంది ఆడవాళ్లు ఒక్కసారిగా పరుగు అందుకున్నారు. నాకు గుండె ఆగినంత పనైంది, ఏదో ప్రమాదం జరిగిందనుకున్నాను. ఏమీ లేదు, ప్రతి సంతకీ అంతే. ముందు వచ్చినవాళ్లకి కూర్చోవడానికి జాగా, ముందు వచ్చినవాళ్లకి మంచి బేరం. నెత్తిన ప్లాస్టిక్ బేసిన్లు, దాంట్లో మూట, మూట మీద ఇంకో మూట. ఒక్క చెయ్యి కూడా పైకి పట్టుకోకుండా పరుగు. పక్కన ఒంటి చక్రం తోపుడు బండ్లు తోసే మగవాళ్లు అరుచుకుంటూ. ఇనపచక్రం వంతెన మీద చేసే ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

వాళ్లు తెచ్చేవి పాత బట్టలు, చెప్పులు, వెల్లుల్లి, సెంటు సీసాలు, గిన్నెలు. తీసుకెళ్లేవి బియ్యం, పిండి, సేమ్యాలాంటి స్పగెట్టి, అరటికాయలు, నూనె, ఐసుదిమ్మెలు, అన్నిటికంటే ముఖ్యం కోడిగుడ్లు. ముప్పై గుడ్ల అట్టలు పదీ పన్నెండు దొంతర పెట్టి నెత్తిన ఎత్తుకుని ఆ తోపులాటలో వంతెన దాటతారు. ఒక్క గుడ్డు పగిలినా ఆ రోజు లాభంలో కోతే.

ఇలా సరుకు కొని, మోసి, ఊరూరా అమ్మే ఆడవాళ్లని హైతీలో 'మదాన్ సారా' అంటారు. అది ఒక పిట్ట పేరు. పసుపు ఒళ్లు, నల్లటి తల, గుంపుగా తిరుగుతూ, గోల చేస్తూ, గింజ ఎక్కడుంటే అక్కడికి ఎగిరిపోయే పిట్ట. ఆఫ్రికా నుంచి ఆ దీవికి చేరింది. మనకీ దాని బంధువు ఉంది. ఈత చెట్లకి, తుమ్మ చెట్లకి సీసాల్లాంటి గూళ్లు అల్లుతుందే, గిజిగాడు. ఆ జాతే. పేరు పెట్టినవాళ్లు ఎగతాళికే పెట్టారేమో తెలియదు గానీ, ఆడవాళ్లు మాత్రం దాన్ని గర్వంగా చెప్పుకుంటారు. "మ్వెన్ సె మదాన్ సారా", నేను మదాన్ సారాని, అని గుండె మీద చెయ్యి పెట్టుకుని నాతో చెప్పినావిడే, నాకు ఆ సంత మొత్తం నేర్పింది.

ఆవిడ పేరు చెప్పను. ఏభై దాటిన మనిషి, బక్కగా, మోచేతుల దగ్గర ఎముకలు తేలి ఉండేవి. పాత బట్టలు అమ్మేది. అమెరికాలో వాడి వదిలేసిన బట్టలు బేళ్లు కట్టి ఓడల్లో హైతీకి వస్తాయి. వాటిని పేపే అంటారు. బేలు విప్పాక ఆవిడ చేతులు చూడాలి. బట్ట బొమ్మ చూడదు. ముందు చంక కింద కుట్టు లాగి చూస్తుంది, తర్వాత జిప్పు, తర్వాత మోకాలి దగ్గర గుడ్డ బొటనవేలితో రుద్దుతుంది, చివరికి ముక్కు దగ్గర పెట్టుకుంటుంది. మూడు కుప్పలు చేస్తుంది. డొమినికన్లకి అమ్మేది, హైతీలోనే అమ్మేది, తుడుచుకోవడానికి. ఒకసారి ఒక జీన్స్ ప్యాంటు లోపల తిప్పి నాకు చీటీ చూపించింది. 'మేడ్ ఇన్ డొమినికన్ రిపబ్లిక్.' ఇక్కడి ఫ్యాక్టరీలో ఎవరో అమ్మాయి కుట్టింది. అమెరికా వెళ్లింది. ఎవరో తొడుక్కుని విసుగొచ్చి వదిలేశారు. బేల్లో హైతీ చేరింది. మళ్లీ ఈవిడ నెత్తి మీద వంతెన దాటి, పుట్టిన దేశానికి వచ్చింది. ఆ ప్యాంటుకి ఏ సరిహద్దులోనూ ఇబ్బంది రాలేదు. మోసినావిడకి మాత్రం సాయంత్రం లోపు వెళ్లిపోవాలని రూలు.

రెండోసారి ఆవిడ దగ్గరే కొన్నాను, మూడోసారి కూడా. అప్పుడు నన్ను 'ప్రాతిక్' అని పిలవడం మొదలుపెట్టింది. మన దగ్గర పాలవాడుక అంటామే, ఆ వాడుక లాంటిదే. ఆవిడ నాకు ప్రాతిక్, నేను ఆవిడకి ప్రాతిక్. ఒకసారి ఆ మాట పడితే నేను వేరేచోట కొనకూడదు, ఆవిడ నన్ను మోసం చేయకూడదు, రెండు రూపాయలు తక్కువైతే అప్పు పెట్టాలి. కొన్నాక పైన ఇంకొకటి వేస్తుంది. దానికి క్రియోల్‌లో 'దెగి' అని పేరు, డొమినికన్లు 'న్యాపా' అంటారు. మన కొసరు! బియ్యం, చిక్కుడు గింజలు కొలిచే రేకు డబ్బాని 'మామిత్' అంటారు. దాంట్లో గోపురంలా పోస్తారా, చెయ్యి పెట్టి చదును చేస్తారా అన్నదాన్ని బట్టి అమ్మే మనిషి ఎలాంటిదో తెలిసిపోతుంది. మా అవ్వ శేరుతో వేరుశనగ గింజలు కొలిచేటప్పుడు అదే చూసేది.

ధరలు చెప్పే పద్ధతి నాకు చాలా రోజులు అర్థం కాలేదు. హైతీ డబ్బు గూర్దు. కానీ సంతలో ధర 'హైతీ డాలర్ల'లో చెబుతారు. అలాంటి నోటు లేదు, నాణెం లేదు. అయిదు గూర్దులు ఒక హైతీ డాలరు, అంతే. ఒకప్పుడు దశాబ్దాల పాటు అయిదు గూర్దులకి ఒక అమెరికా డాలరు వచ్చేది. ఆ రేటు పోయినా లెక్క నోట్లో మిగిలిపోయింది. మనం పావలా, పదణాలు అనడం లేదా, అలాగ. ఆవిడ మనసులో హైతీ డాలర్లు, నోటితో గూర్దులు, చేత్తో డొమినికన్ పేసోలు, బేలు కొన్న అప్పు అమెరికా డాలర్లలో. నాలుగు లెక్కలు ఒకేసారి. బడికి పోలేదు. కాల్క్యులేటర్ పట్టుకున్నది నేను, తప్పు చేసింది కూడా నేనే.

పెట్టుబడి ఎక్కడిదని అడిగాను. ఇక్కడ కూర్చున్నవాళ్లలో సగం మందికి ఈ జవాబు వినకముందే తెలుసు. సోల్. అంటే చీటీ. పదిమంది ఆడవాళ్లు ప్రతి సంతకీ ఇంత అని వేస్తారు, వంతు ప్రకారం ఒకరు మొత్తం తీసుకుంటారు. మన పాట చీటీలాగ వేలం లేదు, కసరు లేదు, వడ్డీ లేదు. ఎవరికి ముందు అవసరమైతే వాళ్లకి వంతు మార్చుకుంటారు. డబ్బు పోగుచేసే మనిషిని 'మన్మన్ సోల్' అంటారు, చీటీల అమ్మ. వంతెనకి ఇవతల డొమినికన్ ఆడవాళ్లకి కూడా ఇదే ఉంది, పేరు మాత్రం 'సాన్'. జమైకాలో 'పార్ట్‌నర్', ట్రినిడాడ్‌లో 'సూసు'. బ్యాంకు మేనేజరు ముఖం చూడని ఆడవాళ్లు దీవి దీవికీ ఇదే కట్టుకున్నారు. హైతీలో ఆడదాన్ని 'పోతో మితాన్' అంటారు, ఇంటి నడిమి గుంజ. ఆ మాట విని పొంగిపోయాను మొదట్లో. తర్వాత తర్వాత ఒక సంగతి గమనించాను. గుంజ మీద బరువు వేసేవాళ్లు చాలామంది. గుంజకి ఆనుకోవడానికి ఏముంది?

ఇప్పుడు నది పేరు. ఆ పేరు పాతదే, వలస పాలన రోజుల్లో స్పెయిన్‌వాళ్లు, ఫ్రెంచివాళ్లు కొట్టుకున్నప్పటిది. కానీ 1937 అక్టోబరులో ఆ పేరు మళ్లీ నిజమైంది. త్రుహీయో అనే నియంత ఆజ్ఞతో డొమినికన్ సైన్యం సరిహద్దు ప్రాంతంలో ఉన్న హైతీవాళ్లని కొన్ని రోజుల్లో వేలమందిని చంపింది. ఎక్కువగా కత్తులతో. ఆడా మగా పిల్లా పెద్దా చూడలేదు. మనిషి రంగు చూసి ఎవరు ఏ దేశమో చెప్పలేరు కదా. అందుకని కొత్తిమీరలాంటి ఒక ఆకు చూపించి, దీని పేరేమిటి అని అడిగారని చెప్పుకుంటారు. స్పానిష్‌లో 'పెరెహిల్'. ఆ 'ర' నాలుక తిరగకపోతే హైతీ మనిషి. ఆకు పేరు సరిగ్గా పలకలేనందుకు ప్రాణం పోయిన మనుషులు. ఆ సంతలో నేను ఆకుకూర కొన్న ప్రతిసారీ ఇది గుర్తొచ్చేది.

ఆ మరుసటి సంవత్సరమే, 1938లో, ఇదే త్రుహీయో హిట్లర్ నుంచి పారిపోతున్న యూదుల్ని లక్షమంది వరకు తీసుకుంటామని ప్రకటించాడు. చివరికి ఉత్తరాన సోసువా అనే ఊళ్లో కొన్ని వందలమందే స్థిరపడ్డారు. వాళ్లు పాల సహకార సంఘం పెట్టుకున్నారు. సోసువా పేరుతో జున్ను, వెన్న నేనున్న రోజుల్లో కూడా కొట్లో దొరికేవి. ఆ కుటుంబాల ప్రాణాలు నిలబడినందుకు నాకు సంతోషమే. కానీ ఒకే మనిషి ఒక చేత్తో చంపించి ఇంకో చేత్తో ఆహ్వానించాడంటే, అతనికి కావలసింది దేశానికి తెల్లరంగు.

కూలికి వచ్చిన పరాయివాళ్లు ఇంకా ఉన్నారు. చెరుకు మిల్లుల కోసం ఇంగ్లీషు మాట్లాడే చిన్న దీవుల నుంచి వచ్చిన నల్లవాళ్లని కోకోలోలు అంటారు, సాన్ పెద్రో దె మాకోరీస్ వైపు ఉంటారు. వాళ్ల ఆడవాళ్ల 'జానీకేక్' స్పానిష్ నోళ్లలో పడి 'యానికేకే' అయింది. పల్చగా వత్తి నూనెలో వేయించిన పెద్ద అప్పచ్చి. ఇప్పుడు బోకా చీకా బీచిలో అది తినని డొమినికన్ లేడు. ఒకప్పుడు ఆ వాళ్లనే 'కోకోలో' అని తిట్టారు.

సరే, నా అట్టముక్క బోర్డు దగ్గరికి వస్తాను.

ఆ దేశంలో విదేశీయులు వ్యాపారం పెట్టుకోవడానికి చట్టాలు బాగానే ఉన్నాయి. 479-08 అని కంపెనీల చట్టం. ఇద్దరు భాగస్వాములు, లక్ష పేసోల మూలధనం ఉంటే చిన్న కంపెనీ పెట్టుకోవచ్చు. విదేశీ అని తేడా లేదు. 171-07 అని ఇంకో చట్టం ఉంది. బయటి దేశం నుంచి నెలకి 1,500 డాలర్ల పెన్షన్ వచ్చేవాళ్లకి దాని ప్రకారం నివాస అనుమతి త్వరగా ఇస్తారు. రెండు లక్షల డాలర్లు పెట్టుబడి పెట్టేవాళ్లకీ ఇలాంటి దారి ఉంది. ఫ్రెంచి బేకరీ ఆవిడ ఇలాంటి దారుల్లో వస్తుంది. తప్పేం లేదు.

నేను ఆ చట్టాల్లో దేని ప్రకారమూ ట్యూషన్ పెట్టలేదు. ఏ అనుమతీ తీసుకోలేదు, ఏ ఆఫీసుకీ వెళ్లలేదు. మూడేళ్లలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, నన్ను పేపర్లు అడగలేదు. "ప్రొఫెసోరా" అని గౌరవంగా పిలిచారు.

మా వీధి మలుపులో ఒక హైతీ అమ్మాయి కొబ్బరి ఉండలు అమ్మేది. బెల్లం రంగులో, మన కొబ్బరి లౌజులాంటివి. అల్యూమినియం పళ్లెంలో పేర్చి, పైన గాజు గిన్నె బోర్లించి. ఆ దేశంలో పదకొండేళ్లుగా ఉంది. ఇద్దరు పిల్లలు అక్కడే పుట్టారు. నాకంటే స్పానిష్ బాగా వచ్చు. ఇమిగ్రేషన్ వాళ్ల లారీ వస్తే, దాన్ని 'లా కామియోనా' అంటారు, ఆ మాట వీధి చివర్లో వినపడగానే పళ్లెం మా గేటు లోపల పెట్టి మాయమయ్యేది. నా బోర్డు పక్కనే ఆ పళ్లెం. ఒకరోజు సాయంత్రం దాకా తిరిగి రాలేదు. రాత్రి పళ్లెం లోపల పెట్టుకున్నాను, చీమలు పడతాయని నీళ్ల గిన్నెలో నిలబెట్టాను. నాకు నిద్ర పట్టలేదు. మూడో రోజు వచ్చింది. ఏమైందని అడిగితే చెప్పలేదు. పళ్లెం కడిగి పెట్టానని చూసి, రెండు ఉండల డబ్బు చేతిలో పెట్టబోయింది, జాగ్రత్త చేసినందుకు.

ఇద్దరమూ విదేశీ ఆడవాళ్లమే. ఇద్దరమూ అనుమతి లేకుండా వ్యాపారం చేస్తున్నవాళ్లమే. చట్టం తప్పినది నిజానికి ఇద్దరమూ. ఆమె ఒక్కతే పరిగెత్తింది.

నన్ను ఒక్కసారి మాత్రం ఆపారు. దహబోన్ నుంచి తిరిగి వస్తుంటే దారిలో తనిఖీలు చాలా ఉంటాయి. సైనికుడు బస్సెక్కి, వరసగా ముఖాలు చూసుకుంటూ, నల్లగా ఉన్నవాళ్ల దగ్గర ఆగుతాడు. ఆ రోజు నేను కిటికీ పక్కన నిద్రపోతున్నాను, తలకి చున్నీ చుట్టుకుని. భుజం మీద తట్టాడు. నోరు తెరిచి "ఇండియా" అన్నాను. అతను నవ్వాడు. ఎందుకంటే ఆ దేశంలో 'ఇండియా' అంటే ఒంటి రంగు. చామనఛాయ మనిషిని ఇండియో, ఇండియా అంటారు. చాలా ఏళ్లు గుర్తింపు కార్డుల్లో రంగు దగ్గర అదే రాసేవాళ్లు. నల్లవాళ్లం అని రాసుకోకుండా ఉండటానికి దొరికిన మాట అది. పాస్‌పోర్టు తీసి చూపించాను. "ఆ, హిందూ!" అని తిరిగి ఇచ్చేశాడు. మన మతంతో సంబంధం లేదు, భారతీయులందరినీ అక్కడ అలాగే అంటారు. నా వెనక సీటులో ఉన్న ఇద్దరు ఆడవాళ్లని దింపేశాడు. బస్సు కదిలింది. నా ఒళ్లో నేను కొన్న చిక్కుడు గింజల మూట ఉంది. వాళ్ల మూటలు పైన ర్యాకులోనే ఉండిపోయాయి.

నేను లేచి ఏమీ అనలేదు. ఆ సంగతి నన్ను ఈరోజుకీ వదలదు.

2013లో ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానం ఒక తీర్పు ఇచ్చింది, 168-13 అంటారు. పేపర్లు లేని విదేశీయులకి పుట్టిన పిల్లలు, 1929 దాకా వెనక్కి వెళ్లి, పౌరులు కారని. తాతల కాలం నుంచి అక్కడే పుట్టి పెరిగిన వేలమంది ఒక్క రోజులో ఏ దేశానికీ చెందనివాళ్లయ్యారు. ప్రపంచమంతా గోల చేస్తే మరుసటి ఏడాది ఇంకో చట్టం తెచ్చి కొంతమందికి తిరిగి ఇచ్చారు. పేపర్లు ఇప్పిస్తామన్నప్పుడు 2015 వరకు 2 లక్షల 88 వేలమంది అర్జీ పెట్టుకున్నారు. దాగి బతకాలని ఎవరికుంటుంది? పేపరు ఇస్తామంటే ఎండలో క్యూ కట్టారు. అదే వెనిజులా నుంచి వచ్చినవాళ్లకి 2021లో వేరే పథకం పెట్టి, పనిచేసుకోవడానికి వీసా ఇచ్చారు. అది మంచి పని. కానీ అరేపాలు, అంటే మొక్కజొన్న రొట్టెలు, అమ్మే వెనిజులా ఆడమనిషికి ఇవ్వగలిగినది కొబ్బరి ఉండలు అమ్మే హైతీ ఆడమనిషికి ఎందుకు ఇవ్వలేరన్నది నా ప్రశ్న.

2024లో 2 లక్షల 76 వేలమందికి పైగా హైతీవాళ్లని పంపించేశారు. 2025 ఏప్రిల్ నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో కూడా పేపర్లు అడుగుతున్నారు. మొదటి రోజే గర్భిణులు, బాలింతలు, పసిబిడ్డలు కలిపి వందమందికి పైగా పట్టుకుని సరిహద్దుకి పంపారు. వైద్యం చేశాకే పంపుతున్నాం అంటున్నారు. బాలింతని లారీ ఎక్కించడం ఏ ఇంట్లో ఒప్పుకుంటాం, చెప్పండి.

ఇక్కడ నేను డొమినికన్లని చెడ్డవాళ్లని చేయడానికి రాలేదు. నాకు జ్వరం వస్తే పక్కింటి దోన్యా, అంటే పెద్దావిడ, మూడు రోజులు సాంకోచో పులుసు తెచ్చి తాగించింది. ఆవిడ చెల్లెలు మాడ్రిడ్‌లో ముసలివాళ్లని చూసుకునే పనిలో ఉండేది. స్పెయిన్‌కి డొమినికన్ ఆడవాళ్లు ఇంటిపనికి వేలల్లో వెళ్లారు. వాళ్లలో ఒకావిడ లుక్రేసియా పెరేజ్. బరహోనా వైపు విసెంతే నోబ్లే అనే పల్లె. కూతుర్ని వదిలి వెళ్లింది. వెళ్లిన కొద్ది వారాలకే, 1992 నవంబరు 13న, మాడ్రిడ్ శివారులో పాడుబడిన భవనంలో తలదాచుకుంటున్న చోటికి నలుగురు వచ్చి కాల్చి చంపారు. నల్లది, పరాయిది అని. స్పెయిన్‌లో జాతి ద్వేషంతో జరిగిన హత్యగా గుర్తించిన మొదటి కేసు అది. ఆ పేరు అక్కడ అందరికీ తెలుసు, కన్నీళ్లు పెట్టుకుంటారు. ఆ పక్కింటావిడ కూడా. ఆవిడ ఇంట్లో అంట్లు తోమేది హైతీ అమ్మాయి.

స్పెయిన్ ఇంటికి డొమినికన్, డొమినికన్ ఇంటికి హైతీ. ఇంటిపని చేసేవాళ్ల హక్కుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం ఒకటుంది, 189 నంబరు. డొమినికన్ రిపబ్లిక్ 2015లో దాన్ని ఆమోదించింది. కాగితం మీదైనా ఆమోదించింది. మన దేశం ఇంతవరకు ఆ పని కూడా చేయలేదు.

ఇక్కడ కడపలో నిలబడి ఇది ఎందుకు చెబుతున్నానో మీకు విడమరచాల్సిన పనిలేదు. రాజంపేట, రాయచోటి వైపు కువైట్‌కి పోని ఇల్లు ఎన్ని ఉన్నాయి? మా మేనత్త ఖద్దామా వీసా, అంటే ఇంటిపని వీసా, మీద వెళ్లింది. రెండేళ్లకి ఆ ఇంట్లో ఉండలేక బయటపడింది. పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే. అలా బయటపడిన వాళ్లని ఏమంటారో మీకు తెలుసు, కల్లివెల్లి. తొమ్మిదేళ్లు కల్లివెల్లిగా, నలుగురి ఇళ్లల్లో పనిచేసుకుంటూ, వండి క్యారేజీలు అమ్ముకుంటూ బతికింది. 2018లో కువైట్ ప్రభుత్వం ఆమ్నెస్టీ, అంటే క్షమాభిక్ష, పెడితే అవుట్‌పాస్ మీద వచ్చింది. నేను శాంతియాగోలో ఉండగా ఫోన్ చేసి అడిగాను, అత్తా, పోలీసులొస్తే ఏం చేసేదానివి అని. "క్యారేజీలు పక్కింటి గేటు లోపల పెట్టి పోయేదాన్ని" అంది.

నా మాటలు ఇంతే. ఎవరైనా ఏమైనా అడగాలనుకుంటే...

(సభలో ఒకరు: ఆ బట్టలమ్మే ఆమె ఇప్పుడెట్లుందమ్మా?)

వాట్సాప్‌లో గొంతు పంపిస్తుంటుంది, రాయడం రాదు కదా. 2023 సెప్టెంబరులో, అదే నది నుంచి హైతీవాళ్లు కాలువ తవ్వుతున్నారని డొమినికన్ ప్రభుత్వం సరిహద్దు మొత్తం మూసేసింది. దహబోన్‌లో గుడ్లు, అరటికాయలు కొనే దిక్కులేక కుళ్లిపోయాయి. నెల తిరక్కముందే ఇటువైపు సంత గేటు తీశారు. అప్పుడు హైతీవాళ్లు తమవైపు గేటు తీయలేదు. మాకు నీళ్లు కావాలి, కాలువ అయ్యేదాకా రాము అని. తిండికి జరగని రోజుల్లో అలా పట్టుబట్టారు. ఆవిడ కూడా వెళ్లలేదట. ఆ నెలల్లో బట్టలు హైతీలోనే ఉన్న కాప్ హైసియన్ నగరం వైపు తీసుకెళ్లి అమ్ముకుంది.

పోయిన నెల ఒక మెసేజ్ వచ్చింది. వెనకాల తోపుడు బండ్ల చప్పుడు వినపడుతోంది, అంటే వంతెన దగ్గరే ఉంది. "ప్రాతిక్, ఈసారి సోల్‌లో నా వంతు ముందు వచ్చింది, బేలు కొన్నాను. నీకు ఒక చొక్కా తీసి పక్కన పెట్టాను" అని. ఆ చొక్కా ధర కూడా చెప్పింది, హైతీ డాలర్లలో. నేను ఇంకా లెక్క వేస్తూనే ఉన్నాను.